కమలాపురం నుంచి గొంతులు

ఫోన్ల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ కోర్సు చేస్తే మంచిదని. నేను కోర్సుల పేర్లు చెప్పను. చెడిపోయిన లైను ఒకటి దొరికితే, దాన్ని బాగుచేసే ముందు కాసేపు చెవికి పెట్టుకుని వినమంటాను. గరగర వస్తోందా, మన గొంతే మనకు తిరిగొస్తోందా, అవతల మనిషి ఉండి కూడా మాట్లాడటం లేదా, అసలు లైనే చచ్చిపోయిందా. మనిషి ఉన్న నిశ్శబ్దానికీ మనిషి లేని నిశ్శబ్దానికీ తేడా ఉంటుంది. అది పట్టుకోవడం వస్తే మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి కర్నూలులో ఒక చిన్న షాపులో చేరాను. లాడ్జీలకు, ఆసుపత్రులకు, పత్తి మిల్లులకు ఇంటర్‌కామ్‌లు బిగించడం మా పని. కొంగు నడుముకు దోపుకుని నేను నిచ్చెనెక్కితే లాడ్జీలో దిగినవాళ్లంతా గదుల్లోంచి బయటికి వచ్చి చూసేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లు చూడటం మానేశారు, నేను ఎక్కడం మానలేదు. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఇంటర్‌కామ్ అడిగేవాళ్లు తగ్గిపోయారు. షాపు ఇవాళో రేపో మూతపడుతుందనుకుంటున్న రోజుల్లో నాగేశ్వర శెట్టి గారు నన్ను పిలిపించారు.

ఆయనది విత్తనాలు, పురుగుమందుల వ్యాపారం. కర్నూలులో పెద్ద షాపు, గోడౌను. కడప జిల్లాలో కమలాపురంతో కలిపి కొన్ని ఊళ్లలో చిన్న షాపులు. ఆయన షాపులో అంతకుముందు ఇంటర్‌కామ్ బిగించింది నేనే. అప్పుడప్పుడే ఊళ్లకు బ్రాడ్‌బ్యాండ్ వస్తోంది.

"ఇంటర్నెట్లో మాట్లాడుకోవచ్చంట గదమ్మా. మా షాపులన్నీ అట్ల కలపడానికి అవుతాదా?" అని అడిగారు.

"అవుతుందనే అంటున్నారండి. నేనూ చేసి చూడలేదు" అన్నాను.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. రైతులు ఫోన్ చేసి తమ పంటకు వచ్చిన తెగులేమిటో చెప్తే, అది రికార్డయి, కర్నూలులో కూర్చున్న వ్యవసాయాధికారి విని జవాబు చెప్పాలి. దాంతో షాపుకు పేరు వస్తుంది, మందులు అమ్ముడవుతాయి. ఆయన ఆలోచనలో దాపరికం ఏమీ లేదు.

నేను అప్పటికే నెట్‌సెంటర్లో కూర్చుని ఆ విషయాలు చదువుతూ ఉండేదాన్ని. నక్షత్రం గుర్తు పేరు పెట్టుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మామూలు కంప్యూటర్లో విండోస్ బదులు, ఊరికే దొరికే లైనక్స్ వేసి, దాని మీద దీన్ని ఎక్కిస్తే ఆ కంప్యూటరే టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అయిపోతుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో రాసి, ఎవరైనా వాడుకోమని వదిలేశారు. ఇంటర్‌కామ్ డబ్బాలు విప్పి చూస్తే ఎప్పుడూ నల్లటి చిప్పులే కనిపించేవి. లోపల ఏం జరుగుతుందో తెలిసేది కాదు. ఇందులో ప్రతి వరుసా చదువుకోవచ్చు. నిద్రాహారాలు మరిచిపోయానని చెప్పను గాని, బస్సు ఎక్కినా, కూర తరుగుతున్నా అదే ఆలోచన.

"ఎంతకిస్తారంట ఆ సాఫ్ట్‌వేరు?" అన్నారు శెట్టి గారు.

"ఊరికే ఇస్తారండి."

"ఊరికే ఇస్తే, రేపు చెడిపోతే ఎవర్ని అడగాల?"

"నన్ను అడగాల."

ఆయన కాసేపు నా మొహం చూసి, "అయితే కానీ. నువ్వు మాత్రం యాడికీ పోకూడదు మరి" అన్నారు. అలా ఆయన దగ్గర చేరాను.

పెట్టేయడం తెలియని యంత్రం

మొదటి యంత్రాన్ని కర్నూలు షాపు మేడ మీద పెట్టాను. పాత కంప్యూటరు, దాంట్లో టెలిఫోను తీగ దూర్చుకునే కార్డు ఒకటి. వ్యవసాయాధికారిగా ప్రతాప్ అనే కుర్రాణ్ని తీసుకున్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాడు, ఓర్వకల్లు దగ్గర పల్లెటూరు. అతను కింద షాపులోంచి సెల్‌ఫోనుతో యంత్రానికి ఫోన్ చేశాడు. యంత్రం ఎత్తింది, పలికింది, అతని మాట రికార్డు చేసింది. ఇద్దరం చాలా సంతోషపడ్డాం.

మళ్లీ చేస్తే ఎంగేజ్. ఇంకాసేపాగి చేసినా ఎంగేజే.

"అక్కా, నేను పెట్టేసి శానాసేపయింది. అది ఇంకా పెట్టేయల్యా?" అన్నాడు ప్రతాప్.

రికార్డయిన దాన్ని విన్నాను. ప్రతాప్ మాట ముందు కొంచెం. తర్వాత అంతా అవతలివాళ్లు ఫోన్ పెట్టేసినప్పుడు మనకు వినిపించే కూత. అది ఆగుతూ, మోగుతూ, ఆగుతూ. ఆ కూతను కూడా యంత్రం శ్రద్ధగా రైతు చెప్పే సమస్య అనుకుని రాసుకుంటూ పోయింది.

దీనికి కారణం వెతకడమే ఈ వృత్తిలో నాకు మొదటి నిజమైన ఆనందం. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల దేశంలో ఫోన్ పెట్టేస్తే వచ్చే కూత ఒకరకం, మన దగ్గర ఇంకొక రకం. దాని స్థాయి వేరు, మధ్యలో ఆగే విరామం వేరు. యంత్రం తనకు తెలిసిన కూత కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. మన కూత దాని చెవికి మాటలాగే ఉంది. ఆ రికార్డును కంప్యూటరు తెర మీద అలల్లాగా పరిచి, ఎంతసేపు మోగుతోంది, ఎంతసేపు ఆగుతోంది కొలిచి, ఆ అంకెలు యంత్రానికి రాసిచ్చాను. మళ్లీ ప్రతాప్ ఫోన్ చేసి పెట్టేశాడు. కార్డులో చిన్న దీపం ఆరిపోయింది. లైను ఖాళీ.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒకటి చెప్పాలి. దేశం కాని దేశంలో తయారైన వస్తువు మన ఊళ్లో పనిచేయకపోతే అది చెడిపోయిందనీ, మన లైన్లు పనికిరానివనీ వెంటనే తీర్మానించకండి. దానికి మన చప్పుడు కొత్త, అంతే. నేర్పితే నేర్చుకుంటుంది.

ఒకవైపు మాట

తర్వాత కమలాపురం. ఆ షాపు చూసుకునేది ఖాదర్ బాషా. నడివయసు మనిషి, సన్నగా ఉంటాడు, గొంతు మాత్రం షాపులో చెప్తే బస్టాండులో వినిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఏ రైతు ఏ పొలంలో ఏం వేశాడో ఆయనకు తెలుసు. ఆయన షాపులో చిన్న కంప్యూటరొకటి, ఇంటర్నెట్ ఫోనొకటి పెట్టి కర్నూలుకు తిరిగొచ్చాను. మేడ మీద నుంచి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తారు. అవతల ఏమీ లేదు.

చచ్చిన లైను కాదది. ఊపిరి కూడా వినిపించని శుద్ధమైన నిశ్శబ్దం. ఇంతలో నా సెల్‌ఫోను మోగింది.

"మేడం, మీరు హలో హలో అంటాండేది గంట కొట్టినట్టు వినపడతాండాది. నేనే గొంతు చించుకుంటాండా ఈడ" అన్నాడు ఖాదర్ బాషా. ఆయన ఒక చెవికి ఇంటర్నెట్ ఫోను, ఇంకో చెవికి సెల్‌ఫోను పెట్టుకున్నాడు. నేనూ అంతే. ఇక్కడి మాట అక్కడికి పోతోంది. అక్కడి మాట ఇక్కడికి రావడం లేదు.

తీగ తెగితే రెండువైపులా పోవాలి. ఒకవైపే ఎలా పోతుంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తిప్పింది. మొదట ఆయన ఫోనులో మైకు పాడయిందనుకున్నాను. అది మార్చినా అదే. తర్వాత తెలిసింది. ఇంటర్నెట్ ఫోన్లో మాట పోయే దారి, వచ్చే దారి వేరువేరు. కాల్ మొదలయ్యేటప్పుడు ఫోన్లు రెండూ "నీ మాటలు ఫలానా చిరునామాకు పంపు" అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. కర్నూలు ఫోను తనకు షాపు లోపల ఇచ్చిన చిరునామా చెప్పేసింది. అది మా మేడ మీద చెల్లుతుంది గాని బయట ఎవరికీ తెలియదు. కమలాపురం నుంచి బయలుదేరిన ఖాదర్ బాషా గొంతు ఆ చిరునామా దొరక్క ఎక్కడో దారిలో పోతోంది. బయటి చిరునామా చెప్పమని సర్వరుకు, అంటే మేడ మీది ఆ యంత్రానికి, రాసిస్తే సరిపోయింది.

ఆయన గొంతు మొదటిసారి వచ్చినప్పుడు రిసీవరు చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"ఇప్పుడు వినపడతాండానా మేడం?"

"ఫోను లేకున్నా వినపడేటట్టున్నారు బాషా గారు. కొంచెం మెల్లగా."

నిబంధనల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంటర్నెట్లో వచ్చిన గొంతును మామూలు టెలిఫోను లైనులోకి ఎక్కించడం ఆ రోజుల్లో మన దేశంలో చట్టప్రకారం కుదిరేది కాదు. మా షాపులు తమలో తాము ఇంటర్నెట్లో మాట్లాడుకున్నాయి. రైతు మామూలు ఫోన్ చేస్తే కమలాపురం యంత్రమే ఎత్తి రికార్డు చేసి, ఆ రికార్డును మాత్రం ఇంటర్నెట్లో కర్నూలుకు పంపేది. రైతుకు జవాబు చెప్పాలంటే మామూలు లైను మీదే. అడ్డదారి చూపిస్తామని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. యంత్రం ఏం చేయగలదో తెలుసుకోవడం వేరు, దాంతో ఏం చేయాలన్నది వేరు. ఈ రెండోదే మీ పేరు మీద ఉంటుంది.

ఎవరూ మాట్లాడటం లేదు

అంతా సిద్ధమయ్యాక పట్నంలో చదువుకున్న ఒకమ్మాయి చేత సందేశం చెప్పించాం. "నమస్కారం. దయచేసి బీప్ శబ్దం తర్వాత మీ సమస్యను నమోదు చేయండి" అని, చాలా స్పష్టంగా, చక్కగా చెప్పింది. కమలాపురం షాపు ముందు ఫోన్ నంబరు రాసి బ్యానరు కట్టారు. ఫోన్లు రావడం మొదలైంది.

ప్రతాప్, నేను కూర్చుని విన్నాం. ఒకదాంట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, దూరంగా మేక అరుస్తోంది. ఇంకోదాంట్లో "హలో... హలో... ఎవురూ పలకరే" అని పెట్టేశారు. మరొకదాంట్లో ఎవరో పక్కవాళ్లతో "కట్టయిందిలే" అంటున్నారు. పంట గురించి ఒక్క మాట లేదు.

"మనోళ్లకి ఇది పనికిరాదక్కా. శెట్టి గారికి చెప్పేద్దాం" అన్నాడు ప్రతాప్.

చెప్పేసి ఉంటే అయిపోయేది. కానీ అవి ఖాళీ రికార్డులు కావు. ప్రతిదాంట్లో ఒక మనిషి ఉన్నాడు. మాట్లాడాలనే ఫోన్ చేశాడు. మరెందుకు మాట్లాడలేదు? నేను కమలాపురం బస్సెక్కాను.

షాపులో ఒక మూల విత్తనాల సంచుల మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఒక పెద్దాయన బయట నిలబడి ఆ నంబరుకే ఫోన్ చేశాడు. విన్నాడు, ఆగాడు, ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికొచ్చి, చీనీ చెట్లకు, అంటే బత్తాయికి, ఆకు పసుపు పడుతోందని ఖాదర్ బాషాతో ఏకబిగిన చెప్పుకుపోయాడు. ఆయన వెళ్లేటప్పుడు అడిగాను.

"ఏమప్పా, ఇదంతా ఫోన్లో ఎందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పాలమ్మా?" అన్నాడు. "ఆయమ్మ చెప్పేది చెప్పేసి పోయె. మనం మాట్లాడేటప్పుడు వినేటోళ్లు ఉండల్ల గదా."

ఆయన లోపల చెప్పిందంతా నేను కూడా విన్నాను గనుక ఇంకొకటి గమనించాను. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఖాదర్ బాషా పొట్లం కడుతూనే ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు. కానీ పెద్దాయన ఆగిన ప్రతిచోటా "ఊఁ" అన్నాడు. "ఊఁ, తర్వాత?" అన్నాడు. ఆ ఊఁ పడగానే పెద్దాయన మళ్లీ అందుకున్నాడు.

మన మాటలు అలాగే సాగుతాయి. కథ చెప్పినా, కష్టం చెప్పినా ఎదుటివాళ్లు ఊఁ కొట్టాలి. మా యంత్రం బీప్ కొట్టి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నమే ఖాదర్ బాషాను షాపు వెనక గదిలో కూర్చోబెట్టాను. సందేశం ఆయననే చెప్పమన్నాను. "నేను ఖాదర్ బాషాని. వింటాండా, చెప్పప్పా" అని చెప్పమంటే ఆయన ఒప్పుకోలేదు.

"నేనప్పుడు వింటా ఉండను గదా మేడం. లేంది ఎట్ల చెప్పేది?"

చివరికి ఆయనే సొంతంగా ఇలా చెప్పాడు. "నేను కమలాపురం ఖాదర్ బాషాని మాట్లాడతాండా. ఇప్పుడు షాపులో పనిమీద ఉండా. నువ్వు చెప్పిందంతా ఈ మిషన్ పట్టిపెడతాది. సాయంత్రం కూసోని నేనే వింటా. ఏ ఊరప్పా, ఏం పంట, ఏమైంది?" తర్వాత ఆయన చేత రకరకాలుగా ఊఁలు కొట్టించాను. "ఊఁ." "ఊఁ, తర్వాత?" "అట్లనా." మాట్లాడేవాళ్లు కాసేపు ఆగితే వాటిలో ఒకటి పలికేటట్టు సర్వరుకు రాశాను. సాఫ్ట్‌వేర్ లోపలి రాత మన చేతిలో ఉండటమంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. కొనుక్కున్న డబ్బాతో ఊఁ కొట్టించడం నావల్ల అయ్యేది కాదు.

రైతులు మాట్లాడారు. ఏ బావి ఎండిందో, ఎవరి మిరప చేను ముడుచుకుందో, కొడుకు మాట వినడం లేదనీ, ఎద్దు కుంటుతోందనీ అన్నీ చెప్పారు. ప్రతాప్ వింటూ నవ్వుకునేవాడు. ఖాదర్ బాషా మాటిచ్చిన ప్రకారం సాయంత్రం షాపు సర్దుకునే ముందు అన్నీ విని, అందులో పంట సంగతులు వేరుచేసి ప్రతాప్‌కు ఇంటర్నెట్ ఫోన్లో చెప్పేవాడు. శెట్టి గారు వచ్చినవాళ్లనల్లా మేడ మీదికి తీసుకొచ్చి యంత్రాన్ని చూపించేవారు.

పొద్దుతిరుగుడు

ఆ మరుసటి ఏడు వానలు కొంచెం ఆలస్యంగా పడ్డాయి. నల్లరేగడిలో పొద్దుతిరుగుడు వేసుకునే అదును అది. విత్తనాల సంచులు లారీలో కమలాపురం పోయాయి. కొద్దిరోజులకు ఒక రికార్డు వచ్చింది. ఓబులమ్మ అనే ఆమెది. ఆమె మాటలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి.

"బాషా, నేను ఓబులమ్మను. పొద్దుతిరుగుడు ఇత్తినాం గదా, మీ షాపులో ఇత్తనమే. మొలక రాల్యా." అక్కడ ఆగింది. యంత్రంలోంచి ఖాదర్ బాషా గొంతు "ఊఁ" అంది. "సాళ్లెంబడి పోయి చూస్తే ఈడొకటి ఆడొకటి ఉండాది. గింజ తవ్వి చూస్తే అట్లనే ఉండాది, ఉబ్బిందే గాని పగల్యా." మళ్లీ ఆగింది. "ఊఁ, తర్వాత?" "తర్వాత ఏముండాది. నేలలో పదును పోతాంది. మళ్లా ఇత్తాలంటే ఈ వారం పది రోజులే. నువ్వు సాయంత్రం వింటానంటివి. విను. విని ఏం చేయల్లో చెప్పు."

అదే సంగతి వేరే ఊరివాళ్లూ చెప్పారు. కొందరు కోపంగా, కొందరు మందేదైనా కొట్టాలా అని అమాయకంగా. అందరిదీ ఒకే దఫాలో వచ్చిన విత్తనం, ఒకే లాట్. ప్రతాప్ ఆ లాట్‌లో మిగిలిన సంచిలోంచి గింజలు తీసి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టాడు. మూడు రోజులు చూసినా చాలావరకు మొలవలేదు. ఆ సంచులు ఎండాకాలమంతా మా గోడౌనులో, రేకుల కింద ఉన్నాయి. కర్నూలు ఎండకు రేకుల కింద గింజలో జీవం మిగల్లేదు.

ప్రతాప్ రెండు పేజీలు రాసిచ్చాడు. శెట్టి గారు చదివారు. నన్ను, అతన్ని గదిలోకి పిలిచారు.

"లోతుగా ఇత్తింటారు. లేకపోతే వాన చాలదు. రైతులు ఊరికే ఇత్తనం మీదికి తోస్తారు" అన్నారు.

"గోనెపట్టాలో లోతేముంటాది సార్" అన్నాడు ప్రతాప్.

ఆయన అతనివైపు చూడలేదు. నావైపు తిరిగి, "విజయమ్మా, ఆ రికార్డులు ఎవరెవరు వినొచ్చు?" అని అడిగారు.

"ప్రతాప్, బాషా గారు, నేను."

"అవి తీసేయ్. మా నాయన కాలం నుంచి ఈ బజార్లో ఉండాం. ఇట్లాంటివి బయటికి పోతే మల్ల ఎవరూ నా గడప తొక్కరు. ఇత్తనాల కంపెనీ వాళ్లతో నేను మాట్లాడుకుంటా. అంతవరకు ఉన్న సంచులు ఉన్నట్టు పోనీ."

పోనీ అంటే అమ్మమని. ఆయన మొహంలో కోపం కన్నా భయం ఎక్కువ కనిపించింది. నాకూ భయమే వేసింది. ఆ వయసులో, ఆ ఊళ్లో నాలాంటిదానికి ఇంకో ఉద్యోగం దొరకడం కష్టం. ప్రతాప్ నేలవైపు చూస్తున్నాడు.

అంతలో బల్ల మీద ఇంటర్నెట్ ఫోను మోగింది. కమలాపురం నుంచి. శెట్టి గారు స్పీకరు నొక్కారు.

"శెట్టి గారూ, ఆ సంచులు నేను అమ్మడంల్యా" అన్నాడు ఖాదర్ బాషా. ఎప్పుడూ అంత గొంతుండేవాడు, మెల్లగా మాట్లాడుతున్నాడు. "జనాలు షాపు ముందర నిలబడుకోని ఉండారు. వింటా అని నా గొంతుతో నేను చెప్పినా. విన్నా. ఇప్పుడు వాళ్లకేం చెప్పల్లో మీరే చెప్పండి."

"నేను మల్ల చేస్తా బాషా" అని ఆయన పెట్టేశారు.

ఇక నేనే అన్నాను. "తీసేయమంటే తీసేస్తానండి. యంత్రం మీది. అందులో ఉన్నది మీ కోసం వచ్చిన మాట. ఒకసారి వినండి. విన్నాక కూడా తీసేయమంటే ఆ పని ఇంకెవరి చేతనైనా చేయించుకోండి. నేను ఉండను."

"ప్రతాప్ రాసిచ్చినాడు గదా, చదివినా."

"చదివారు. వినలేదు."

అలా మాట్లాడానని ఇప్పుడు రాస్తుంటే నాకే వింతగా ఉంది. ధైర్యం అనను. ఒక చదివినవాడు రాసిన కాగితానికీ, పొలం గట్టు మీద నిలబడి మాట్లాడిన మనిషికీ ఎంత తేడా ఉంటుందో అప్పటికి నాకు తెలిసిపోయింది. ఆయనకు తెలియదు. అంతే.

ఆయన లేచి మేడ మీదికొచ్చారు. హెడ్‌ఫోను ఎలా పెట్టుకోవాలో తెలియక తిరగేసి పెట్టుకుంటే సరిచేశాను. ఓబులమ్మ రికార్డు పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక, తర్వాతది పెట్టమని వేలితో సైగ చేశారు. అన్నీ విన్నారు. ఎండ కిటికీలోంచి జరిగి ఆయన మోకాళ్ల మీదికి వచ్చినా కదల్లేదు. మధ్యలో ఒకచోట, ఎవరో ముసలాయన "శెట్టి మంచోడే, ఆయనకి తెలిసుండదు" అన్న దగ్గర, హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

కిందికి దిగి ముందు గోడౌనుకు తాళం వేయించారు. ఊళ్లలో ఉన్న ఆ లాట్ సంచులన్నీ వెనక్కి తెప్పించమన్నారు. నంద్యాలలో, కడపలో తెలిసిన వ్యాపారులకు వరసగా ఫోన్లు చేసి కొత్త విత్తనం ఎక్కడుందో వెతికించారు. ప్రతాప్ ప్రతి రకం నుంచి గింజలు తీసి మొలక చూస్తే గాని లారీ ఎక్కించొద్దన్నారు. పదును పోకముందే కొందరికి అందింది. అందరికీ అందలేదు. ఆలస్యమైనవాళ్లు ఆ ఏడు శనగ వేసుకున్నారు, కొందరు బీడు పెట్టారు. అందరూ సంతోషంగా ఉన్నారని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ సర్వరు ఇంకా కొన్నేళ్లు నడిచింది. ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చి, రైతులు ప్రతాప్‌కే నేరుగా ఫోన్ చేయడం మొదలుపెట్టాక దాని అవసరం తీరిపోయింది. నేను తర్వాత ఎన్నో చోట్ల పెద్ద పెద్ద సర్వర్లు పెట్టాను, కాలేజీలకూ ఆసుపత్రులకూ. పని నేర్చుకున్నది మాత్రం ఆ పాత కంప్యూటరు దగ్గర. ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లకు చెప్పగలిగింది ఇదే. గొంతును ఇక్కడి నుంచి అక్కడికి చేర్చడంతో మన పని సగమే అవుతుంది. అక్కడ వినేవాళ్లున్నారా అన్నది కూడా చూసుకోవాలి. అది యంత్రానికి మనం రాసిచ్చే ఏ కన్‌ఫిగరేషను ఫైల్లోనూ ఉండదు.

శెట్టి గారి సంగతి ఒకటి మిగిలింది. గోడౌనుకు తాళం పడిన మర్నాడు పొద్దున ఆయన మళ్లీ మేడ మీదికి వచ్చారు. ఫోన్ చేసినవాళ్లందరితో తానే మాట్లాడతానన్నారు. ముందు ఓబులమ్మ. మామూలు లైను మీద నంబరు కలిపి రిసీవరు ఆయన చేతికిచ్చాను.

"అమ్మా, నేను కర్నూలు నుంచి నాగేశ్వర శెట్టిని" అన్నారు.

ఓబులమ్మ తిట్టింది. రిసీవరు ఆయన చెవి దగ్గర ఉన్నా నాకు వినిపిస్తోంది. "ఇత్తనం అమ్మేటప్పుడు నీకు కండ్లు యాడికి పోయినాయి శెట్టీ" అని మొదలుపెట్టి, దున్నకం గురించి, ఎద్దుల గురించి, ఇంటాయన రెండు రోజులుగా పొలం గట్టున కూర్చుని అన్నం ముట్టకపోవడం గురించి చెప్పింది. ఆమె గొంతు ఒకచోట తగ్గింది, మళ్లీ లేచింది. ఆయన మొహం ఎర్రబడింది. పెట్టేయమంటారేమోనని నేను లైనువైపు చెయ్యి చాపాను. ఆయన వద్దని రెండో చేత్తో ఆపారు. మధ్యమధ్య "ఊఁ" అంటున్నారు. ఇంకేమీ అనడం లేదు.

ఆమెకు చెప్పాల్సింది అయిపోయింది. "ఇత్తనం ఎల్లుండి పొద్దుగూకే లోపల బాషా దగ్గరికి వస్తాదమ్మా. మొలక చూసిందే వస్తాది" అన్నారు ఆయన. ఆమె ఏమందో నాకు వినిపించలేదు.

ఆయన రిసీవరు పెట్టి, పైకండువాతో మొహం తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఇంకొకరికి కలుపమ్మా" అన్నారు.